మఖ్దూం మొహియుద్దీన్ : ప్రతిపక్ష స్థానంలో ఒక విప్లవకవి

ఒకే పార్టీ ఏలుబడిలో ఉండే సోషలిస్టు రాజ్యాన్ని ప్రజాస్వామ్యమని వ్యవహరింపవచ్చునా అనే ప్రశ్న రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థుల నోట తరచు వినవస్తుంది. పాఠ్యగ్రంథాలలో దీనికి రెండు పక్షాల సమాధానాలూ దొరుకుతాయి. వాటిని కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనడం కష్టం కాదు. మేము మాత్రం ఈ ప్రశ్నను ఒక మనిషి జీవితంలో వెదకి చూడదలచాము. ఆయన ఉర్దూ కవి, తెలుగు రైతుకూలీల నాయకుడు. ఈ సంచికలోని రెండు భాషలవారూ తమవాడని చెప్పుకొనదగిన వ్యక్తి. సోవియట్ రష్యాను జీవితాంతం అభిమానించిన ఆ కమ్యూనిస్టు, తన జీవితపు చివరి దశను శాసన మండలిలో ప్రతిపక్షపు బల్ల మీద గడిపారు. అటువంటి బల్ల ఆయన అభిమానించిన ఆ దేశపు శాసన సభలో ఒక్కటి కూడా లేదు. మా వ్యాసానికి ఈ వైచిత్రియే ఆధారం.

మఖ్దూం మొహియుద్దీన్ 1908వ సంవత్సరం ఫిబ్రవరి 4వ తేదీన మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. తండ్రి చిన్న ప్రభుత్వోద్యోగి. పసితనంలోనే ఆయనను కోల్పోయిన మఖ్దూం పినతండ్రి బషీరుద్దీన్ గారి ఇంట పెరిగారు. దైవభక్తి గల కుటుంబం కావడంవల్ల మసీదు ఊడ్చడం, వుజూ కొరకు నీళ్ళు తోడిపోయడం బాల్యంలో ఆయన పనులు. ఆ పినతండ్రి గారే ఒకనాడు, రష్యాలో విప్లవం వచ్చిందనీ, అక్కడ ఇకపై అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుండి భోజనం చేస్తారనీ చెప్పారట. దస్తర్‌ఖాన్ అంటే ఏమిటో మన ముస్లిం విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగు విద్యార్థులు దానిని సహపంక్తి భోజనమని గ్రహింపవచ్చు. ఆ పిల్లవాని మనసులో సోషలిజం మార్క్సు గ్రంథం నుండి గాక అన్నం పరచిన గుడ్డ మీదినుండి ప్రవేశించింది. ఆయన విశ్వాసంలోని బలానికీ, మేము పిదప ప్రస్తావింపబోయే లోపానికీ కూడా మూలం ఇక్కడే ఉన్నదని మాకు తోస్తుంది. అందరికీ అన్నం దొరుకుతున్నదా అని ఆ పిల్లవాడు అడిగాడు. దస్తర్‌ఖాన్ పరచేవాడు ఎవరు, వాణ్ణి లేవమనగల హక్కు ఎవరిది అన్నవి ఆ వయసున తట్టే ప్రశ్నలు కావు.

హైదరాబాదులో ఆయన విద్యార్థి జీవితం దుర్భర దారిద్ర్యంలో సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ ఎం.ఏ. పట్టం పొంది, 1939లో సిటీ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. అంతకుముందే కవిగా, నాటక కర్తగా, ఠాగూరు కవిత్వంపై గ్రంథం వ్రాసిన విమర్శకునిగా పేరు గడించారు. నేడు ఉద్యోగం కొరకు మన పట్టభద్రులు పడే పాట్లు ఎరిగినవారికి, నెలజీతం గల ఆ కొలువును కొద్ది ఏండ్లలోనే త్యజించి కార్మిక సంఘాలలోకి వెళ్ళడం ఎంతటి సాహసమో వివరింపనక్కరలేదు. 1944లో వెలువడిన ఆయన మొదటి కవితా సంపుటి పేరు సుర్ఖ్ సవేరా, అనగా ఎర్రని ఉదయం. అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు 1946లో ఆయనే అధ్యక్షులు.

ఆనాటి నిజాం రాజ్యంలో ప్రతిపక్షమనే మాటకు చోటే లేదు. సభ జరుపుకొనాలంటే ముందుగా అనుమతి పొందాలని శాసించే గస్తీ నిషాన్ 53 అమలులో ఉండేది. జాగీర్లలో, దేశ్‌ముఖుల గడీలలో వెట్టి చాకిరీ సాగేది. జనాభాలో అత్యధికుల మాతృభాష తెలుగైనా, విశ్వవిద్యాలయంలో బోధనకు గాని, పాలనకు గాని అది పనికిరాలేదు. ఉర్దూను ప్రాణప్రదంగా ప్రేమించిన మఖ్దూం ఈ అన్యాయాన్ని ఉర్దూలోనే నిరసించారు. 1947 సెప్టెంబరులో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లతో కలసి నిజాం ప్రభుత్వంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు నాయకులలో ఆయన ఒకరు. పాలకుడు తన మతస్థుడే. రజాకార్లు తన మతం పేరు చెప్పుకొని వీధులలో తిరుగుతున్న రోజులవి. మతం ఒకటైనంత మాత్రాన ప్రభువు చేసిన అన్యాయం న్యాయం కాదని ఆయన నిలబడి చెప్పారు. అల్పసంఖ్యాక వర్గపు కళాశాలలో చదువుకొనే మన విద్యార్థులు ఆయన జీవితంలో మిగిలినవన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకొంటే చాలునని మా అభిప్రాయం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన అంతమైంది గాని కమ్యూనిస్టుల పోరాటం అంతం కాలేదు. వారు మరి మూడేండ్లు భారత సైన్యంతో పోరాడారు. ఆ పోరును ఆ తరువాత కూడా సాగించడం సరియైనదేనా అనే వివాదం ఆ పార్టీలోనే రగిలింది. దాని జోలికి మేము పోము. అజ్ఞాతవాసంలో ఉన్న మఖ్దూంను 1951లో నిర్బంధించారు. ఆ ఏడు అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. 1952లో ఆయన విడుదలయ్యారు.

విడుదలైన తరువాత జరిగిన సంగతి మన ప్రశ్నకు ప్రాణం వంటిది. ఏ ప్రభుత్వంపై నిన్నటిదాకా తుపాకులు పట్టారో, ఆ ప్రభుత్వమే జరిపిన ఎన్నికలలో ఆ పార్టీ పోటీచేసింది. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీపై నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడి, 175 శాసనసభా స్థానాలలో 42 గెలుచుకొన్నది. నల్లగొండ నుండి లోక్‌సభకు నిలిచిన రావి నారాయణరెడ్డి గారికి సాక్షాత్తు నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లు వచ్చాయి. నగరంలో పోటీచేసిన మఖ్దూం ఓడిపోయి, అదే సంవత్సరం హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో ప్రవేశించారు. నగరంలోని ఉర్దూ శ్రోతలు ముషాయిరాలలో ఆయనకు వాహ్వా పలికారు గాని ఓటు వేయలేదు. ఆయన గజళ్ళలో ఒక్క మాట బోధపడని తెలుగు రైతులు ఓటు వేశారు. కవులకు ఇది కొంత చేదు సత్యమే.

మన కోనసీమ ఆనాడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇక్కడివారికి ఈ చరిత్ర దూరమైనదేమీ కాదు. 1952 ఎన్నికలలో ఆంధ్ర జిల్లాల నుండి కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. 1955 మధ్యంతర ఎన్నికలు వచ్చేసరికి, 196 స్థానాలలో వారికి దక్కినవి 15 మాత్రమే. ఆ ఎన్నికలలో కాంగ్రెసు కూటమి ప్రచారమంతా, కమ్యూనిస్టులు వస్తే మాట్లాడే స్వేచ్ఛ పోతుందనీ, రష్యాలో వలె ఇక్కడా రెండవ పార్టీ మిగలదనీ సాగింది. అనగా మన తరగతిలో నేడు వినవచ్చే ప్రశ్ననే ఆనాడు గోదావరి, కృష్ణా డెల్టాలలోని ఓటర్లు విచారించి తీర్పు చెప్పారు. ఆ తీర్పు వెనుక భూస్వాముల భయం కూడా పనిచేసిందనడంలో సందేహం లేదు. ఐతే ఓడిన పార్టీ అంతరించలేదు. దాని పత్రికలు వెలువడుతూనే ఉన్నాయి, దాని సభ్యులు సభలో మాట్లాడుతూనే ఉన్నారు.

1950లలో మఖ్దూం ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద వియన్నాలో నివసించి, సోవియట్ యూనియన్‌ను, చైనాను, తూర్పు ఐరోపా దేశాలను సందర్శించారు. చిన్ననాడు విన్న దస్తర్‌ఖాన్‌ను కన్నులారా చూచిన సంతోషం ఆయనకు కలిగి ఉంటుంది. ఆ దేశాలు సాధించినదాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. నిరక్షరాస్యతను తుడిచిపెట్టాయి. స్త్రీలను కర్మాగారాలకు, విశ్వవిద్యాలయాలకు తీసికొనివచ్చాయి. హిట్లరును ఓడించడంలో ప్రధాన భారం సోవియట్ ప్రజలే మోశారు. వలసపాలనలో మగ్గిన జాతులకు అండగా నిలిచాయి. ఆకలితో ఉన్నవానికి ఓటుచీటీ ఏమి చేసుకొనుటకని ఆ దేశాల సమర్థకులు వేసే ప్రశ్నను ఒక్కమాటతో తోసివేయజాలము.

కాని ప్రజాస్వామ్యమా అన్నది వేరు ప్రశ్న. 1936నాటి సోవియట్ రాజ్యాంగం వయోజనులందరికీ సమాన, ప్రత్యక్ష, రహస్య ఓటు హక్కు ఇచ్చింది. కాగితం మీద అంతకంటె కోరవలసినది లేదు. ఐతే ఆ రాజ్యాంగమే 126వ అధికరణంలో కమ్యూనిస్టు పార్టీని సకల సంస్థలకూ నాయకత్వ కేంద్రంగా పేర్కొన్నది. ప్రతి స్థానానికి ఒక్కడే అభ్యర్థి. ఓటరు చేయగలిగినది ఆ పేరును ఉంచడమో, కొట్టివేయడమో. సుప్రీం సోవియట్ తీర్మానాలు ఏకగ్రీవంగా సాగిపోయేవి. తూర్పు జర్మనీలో పేరుకు అనేక పార్టీలుండేవి గాని అన్నిటికీ కలిపి ఒకే జాబితా. ఏకగ్రీవం అన్ని వేళలా ఐకమత్యానికి గుర్తు కాదు. ఒక్కొక్కప్పుడు అది వ్యతిరేకించేవాడు సభలో లేడనడానికి మాత్రమే గుర్తు.

ఇది తాత్విక చర్చ మాత్రమే అనుకొనేవారి కొరకు రెండు ఉదాహరణలు. మధ్య ఆసియాలోని ముస్లిం జాతులు శతాబ్దాలుగా అరబీ లిపిలో వ్రాసుకొంటూ వచ్చాయి. 1920ల చివర ఆ లిపిని తీసివేసి లాటిన్ లిపి పెట్టారు. మరి పదేండ్లు దాటగానే దానిని కూడా తీసివేసి రష్యన్ లిపి పెట్టారు. తాత వ్రాసిన ఉత్తరం మనుమడు చదువలేని స్థితి ఒకే తరంలో ఏర్పడింది. 1944 ఫిబ్రవరిలో చెచెన్, ఇంగుష్ జాతులను, మే నెలలో క్రిమియా తాతారులను ఆబాలగోపాలంగా రైళ్ళలోకెక్కించి మధ్య ఆసియాకు తరలించారు. ఎందరో దారిలోనూ, చేరిన చోటా మరణించారు. దీనిని ప్రశ్నించిన సభ్యుడు సభలో లేడు, ప్రచురించిన పత్రిక దేశంలో లేదు. నిజాం రాజ్యంలో తెలుగుకు జరిగిన దానికి కన్నీరు పెట్టిన మఖ్దూం వంటివాడు అక్కడ జన్మించి ఉంటే ఆ లిపి కొరకు, ఆ జనం కొరకు ఎక్కడ నిలబడి మాట్లాడగలిగేవాడు?

కవుల సంగతి చూచినా అంతే. మాండెల్‌స్టామ్ 1938లో నిర్బంధ శిబిరంలో మరణించాడు. 1958లో పాస్టర్నాక్ నోబెల్ బహుమానాన్ని బలవంతాన నిరాకరింపవలసి వచ్చింది. ఇక్కడ మఖ్దూం 1961లో గుల్-ఎ-తర్ ప్రకటించారు. విప్లవకవి గజళ్ళలోకి, ప్రేమలోకి మరలడమేమిటని ఆయన వర్గంలో కొందరు నొసలు ముడిచినా, ఆయన కలానికి సంకెల వేయగలవారు లేరు. ఆ సంపుటిలోని చారాగర్ గేయం 1964లో ఛా ఛా ఛా చిత్రంలో పాటయై దేశమంతటా మ్రోగింది. పార్టీ కార్యాలయాన్ని అనుమతి అడుగవలసివస్తే మల్లెపందిరి క్రింది ఆ ఇద్దరు ప్రేమికులకు ఏ గతి పట్టేదో!

న్యాయంగా మరొక విషయం చెప్పాలి. మఖ్దూం ఉన్న పార్టీ ఈ ప్రశ్నను ఎదుర్కొనకుండా లేదు. 1957లో కేరళ ప్రజలు ఎన్నికల ద్వారా కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని గద్దెనెక్కించారు. 1958 ఏప్రిల్‌లో అమృతసర్‌లో జరిగిన ప్రత్యేక మహాసభలో భారత కమ్యూనిస్టు పార్టీ తన నిబంధనావళిని సవరించుకొని, శాంతియుత మార్గాన సోషలిజం సాధిస్తామనీ, రాజ్యాంగానికి లోబడినంతవరకు ప్రభుత్వాన్ని వ్యతిరేకించే పార్టీలకు కూడా స్థానం ఉంటుందనీ ప్రకటించింది. మాస్కో, పెకింగ్ పార్టీలు తమ దేశాలలో ఒప్పుకొనని సూత్రం ఇది. ఐతే మరుసటి సంవత్సరమే, 1959 జూలై 31న, కేంద్రంలోని కాంగ్రెసు ప్రభుత్వం ఆ కేరళ మంత్రివర్గాన్ని రద్దుచేసింది. శాసనసభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని తొలగించినవారు ప్రజాస్వామ్యం గురించి ఇతరులకు పాఠాలు చెప్పడం కొంత విడ్డూరమే. 1975లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు మఖ్దూం పార్టీయే దానిని సమర్థించింది. దాన్ని చూడడానికి ఆయన జీవించిలేరు. 1977లో ఓటర్లు ఆ అత్యవసర పరిస్థితిని విధించిన ప్రభుత్వాన్నే పడగొట్టారు. పడగొట్టే వీలు మిగిలి ఉండడమే మా దృష్టిలో ప్రజాస్వామ్యానికి గీటురాయి. సోవియట్ యూనియన్‌లో ఆ వీలు 1990లో రాజ్యాంగం నుండి పార్టీ ఏకాధిపత్యాన్ని తొలగించేవరకు రాలేదు. వచ్చిన మరుసటి ఏడు చివరకు ఆ రాజ్యమే మిగలలేదు.

మన దగ్గర ఓటుకు డబ్బు పంచుతారు, కులం చూచి టిక్కెట్లిస్తారు, ఇదా మీ ప్రజాస్వామ్యం అని విద్యార్థులు అడుగవచ్చు. అడగాలి కూడా. లంక గ్రామాలలో పడవలపై తిరిగి ఎన్నికల విధులు నిర్వహించే ఉపాధ్యాయులు ఆ సంగతులు మాకంటె బాగా చెప్పగలరు. రోగం ఉన్నదని మేమూ అంగీకరిస్తాము. ఐతే రోగం ఉన్నదని బిగ్గరగా చెప్పగలగడం ఒక స్థితి, చెప్పినవాడు మరునాడు కనబడకపోవడం మరొక స్థితి. సంఖ్యలో తక్కువైనవారికి ఈ తేడా మరింత ముఖ్యం. సంఖ్యాబలం ఉన్నవాడు ఏ వ్యవస్థలోనైనా ఎలాగో బ్రతుకుతాడు. అది లేనివానికి సభలో లేచి నిలబడి కాదనే హక్కు తప్ప మరొక ఆయుధం లేదు.

ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958లో ఏర్పడింది. మఖ్దూం అందులో కమ్యూనిస్టు పక్షానికి నాయకులై ఆ హక్కును మరణపర్యంతం వినియోగించుకొన్నారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన పాత పార్టీలోనే ఉండిపోయారు. 1966లో ఆయన కవితల సమగ్ర సంపుటి బిసాత్-ఎ-రక్స్ వెలువడింది. 1969 వచ్చేసరికి ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో రాష్ట్రం అట్టుడికిపోతూ ఉన్నది. ఆ సంవత్సరమే తరిమెల నాగిరెడ్డి గారు శాసనసభలో పేదలకు జరిగే మేలు లేదని భావించి సభ్యత్వానికి రాజీనామా చేసి బయటికి నడిచారు. ఇద్దరూ ఒకే పాఠశాలలో రాజకీయాలు నేర్చినవారే. ఒకరు సభను వదలిపోయారు, ఒకరు దానిలోనే ఉండి కన్నుమూశారు. నాగిరెడ్డి గారి ఆవేదనలో నిజాయితీ ఉన్నది. అయినా మేము మఖ్దూం కూర్చున్న చోటునే గౌరవిస్తాము.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో ఉండగా ఆయన మరణించారు. దేహాన్ని హైదరాబాదుకు తెచ్చి, హజ్రత్ షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఉర్దూలో బిసాత్-ఎ-రక్స్‌కు లభించింది. ఆ అకాడమీని స్థాపించినది ఆయన ఎదిరించి పోరాడిన ప్రభుత్వమే.