నైలు నదికి అడ్డుకట్ట వేసిన కాంట్రాక్టర్ ఉస్మాన్ అహ్మద్ ఉస్మాన్

ఈజిప్టులో సూయజ్ కాలువ పక్కన ఇస్మాయిలియా అనే ఊరుంది. 1917లో ఉస్మాన్ అహ్మద్ ఉస్మాన్ అక్కడే పుట్టారు. పసితనంలోనే తండ్రి ఇంతెకాల్ అయ్యారు. ఇల్లు గడవడమే కష్టమైనా చదువు మాత్రం ఆగలేదు. 1940లో కైరోలో ఇంజనీరింగ్ పూర్తిచేశారు.

అప్పట్లో అక్కడ పెద్ద పనులన్నీ విదేశీ కంపెనీల చేతుల్లోనే ఉండేవి. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు సర్కారీ నౌకరీ చూసుకోవడం మామూలు. ఉస్మాన్ మాత్రం కాంట్రాక్టరైన మేనమామ దగ్గర చేరారు. లెక్కలు రాయడం, సామాను తెప్పించడం, కూలీలతో పని చేయించుకోవడం అక్కడే నేర్చుకున్నారు. ఆ తర్వాత సొంత ఊళ్లో సొంత బోర్డు పెట్టేశారు. చేతిలో 200 పౌండ్లు కూడా లేవు. చిన్నాచితకా పనులతోనే మొదలైంది. డబ్బు లేనివాడికి మాట నిలబెట్టుకోవడమే పెట్టుబడి.

1950లో సౌదీ అరేబియా వెళ్లారు. చమురు డబ్బుతో అక్కడ కట్టడాలు జోరందుకుంటున్న రోజులవి. తర్వాత కువైట్, లిబియాల్లోనూ పనులు దొరికాయి. కంపెనీకి అరబ్ కాంట్రాక్టర్స్ అనే పేరు స్థిరపడింది.

అసలు పరీక్ష ఆస్వాన్‌లో ఎదురైంది. 1960 జనవరిలో నైలు మీద హై డ్యామ్ పని మొదలైంది. 3,830 మీటర్ల పొడవు, 111 మీటర్ల ఎత్తు. సాయం సోవియట్ యూనియన్‌ది. కొండరాయి తవ్వి నదిని మళ్లించే పనిలో ఉస్మాన్ కంపెనీది పెద్ద పాత్ర. మండే ఎండలో వేలాదిమంది రాత్రీపగలూ పనిచేశారు.

పని ఇంకా సాగుతుండగానే పిడుగు పడింది. 1961లో నాసర్ ప్రభుత్వం పెద్ద కంపెనీలను జాతీయం చేసింది. ఇరవై ఏళ్ల కష్టం సర్కారు పరమైపోయింది. ఆయన అలిగి గల్ఫ్‌కు వెళ్లిపోవచ్చు, అక్కడ పేరుంది. కానీ వెళ్లలేదు. తనది కాకుండా పోయిన కంపెనీకే అధిపతిగా ఉండి పని నడిపించారు. 1964 మే నెలలో నైలు దారి మళ్లింది. 1970లో డ్యామ్ పూర్తయింది.

1973 యుద్ధం తర్వాత సాదాత్ ఆయన్ను పునర్నిర్మాణ మంత్రిని చేశారు. యుద్ధాల్లో దెబ్బతిన్న సూయజ్, పోర్ట్ సయీద్, ఇస్మాయిలియా పట్టణాలను మళ్లీ నిలబెట్టే బాధ్యత అది. బోర్డు పెట్టిన ఊరినే తిరిగి కట్టాల్సి వచ్చింది. సాదాత్ కుటుంబంతో వియ్యం కూడా కలిసింది. పాలకులకు మరీ దగ్గరయ్యారన్న విమర్శ ఆయన్ను వదల్లేదు. 1981లో వచ్చిన ఆత్మకథలో నాసర్ కాలాన్ని తప్పుపట్టడంతో పెద్ద దుమారమే రేగింది.

1999లో ఉస్మాన్ కన్నుమూశారు. అరబ్ కాంట్రాక్టర్స్ ఇప్పటికీ పనులు చేస్తూనే ఉంది. ఆస్వాన్‌లో నైలు నీళ్లు ఆ డ్యామ్ వెనకే నిలుస్తున్నాయి.