పదునొకండవ యేట కళాశాల వాకిట: సర్ సి. వి. రామన్ గారి జీవితము

చంద్రశేఖర వేంకట రామన్ గారి పేరు విననివారు మన దేశమున అరుదు. 1930లో వారు నోబెల్ బహుమానము నందిన సంగతి పాఠ్యపుస్తకములలో కలదు. కాని ఆయన చదువు మన తెలుగు గడ్డపై, విశాఖపట్టణపు సముద్రతీరమున మొదలైనదని ఎరిగినవారు తక్కువ. కళాశాల గడప ఆయన తొక్కినదియు అచ్చటనే. కావున ఆ భాగమునే ఇచ్చట కొంత విస్తరించి చెప్పదలచితిమి.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంత జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరు, తల్లి పార్వతి అమ్మాళ్. ఎనమండుగురు బిడ్డలలో అతడు రెండవవాడు. తండ్రి బడిపంతులు. 1892లో ఆయనకు విశాఖపట్టణమున శ్రీమతి ఎ. వి. యన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రములు బోధించు ఉద్యోగము లభింపగా కుటుంబమంతయు అచ్చటికి తరలివచ్చెను.

ఆ యింట సిరిసంపదలు లేవు గాని పుస్తకములుండెను. గణితము, భౌతికశాస్త్రము, ఆంగ్ల సాహిత్యము - తండ్రి తన కొరకై కూర్చుకొన్న గ్రంథములవి. ఆయన ఫిడేలు కూడ వాయించెడివారు. పిల్లవానికి పుస్తకమును ముట్టవద్దను ఆంక్ష లేదు. తన మనస్సును తీర్చిన గ్రంథములు మూడని రామన్ గారే తరువాతి కాలమున వ్రాసియున్నారు: బుద్ధదేవుని చరిత్రమును గూర్చి ఎడ్విన్ ఆర్నాల్డు రచించిన కావ్యము, యూక్లిడు రేఖాగణితము, ధ్వనిని గూర్చి హెల్మ్‌హోల్ట్జు అను జర్మను శాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథము. తండ్రి ఫిడేలు నాదము విని పెరిగిన బాలుడు పెద్దవాడై ఫిడేలు తంత్రుల కంపనములను గూర్చియు, మృదంగ, తబలా నాదములను గూర్చియు పరిశోధనలు చేసెననిన ఆశ్చర్యము లేదు.

ఆ దినములలో కళాశాల ప్రవేశమునకు వేరొక పరీక్ష లేదు. మద్రాసు విశ్వవిద్యాలయము వారి మెట్రిక్యులేషనే ఆ ద్వారము. గోదావరి ఒడ్డున చదివినను, కావేరి ఒడ్డున చదివినను ఆ పరీక్షకే కూర్చుండవలెను. తప్పి, మరల రుసుము కట్టి, మీసములు వచ్చిన పిదప గట్టెక్కినవారు ఆ కాలమున కొల్లలు. అట్టి పరీక్షలో రామన్ పదునొకండవ యేట ఉత్తీర్ణుడయ్యెను. తండ్రి బోధించు కళాశాలలోనే యఫ్.ఏ. తరగతిలో చేరి, పదమూడవ యేట దానిని కూడ ముగించెను.

ఇది చదివి, బడి రిజిష్టరులో పిల్లవాని వయస్సు పెంచి వ్రాయించి తొందరగా పరీక్షకు పంపుదమని ఏ తండ్రియు తలపరాదు. రామన్ బక్కపలుచని బాలుడు, ఆరోగ్యము అంతంత మాత్రము. చదువునకు శరీరము చెల్లించిన సుంకమేమో ముందు కనబడును. మరియొక సంగతి. రామన్ కంటె ఒక్క యేడు పెద్దవాడైన శ్రీనివాస రామానుజన్ ఆ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనులో నెగ్గి, గణితము తప్ప వేరొకటి చదువజాలక యఫ్.ఏ. తప్పెను. ఒక్క పరీక్షయే ఇరువురు మేధావులను తూచినది. ఆ త్రాసు ఎంత సరియైనదో పాఠకులే ఊహింతురు గాక.

1902లో రామన్ బి.ఏ. చదువుటకు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయెను. తరగతిలో అందరికంటె చిన్నవాడు. ఆంగ్లము బోధించు ఇలియట్ దొర ఆ కుఱ్ఱవానిని చూచి, ఇతడు నిజముగా ఈ తరగతివాడేనా యని సందేహించి అడిగెనట. 1904లో బి.ఏ. పరీక్షలో ప్రథమస్థానము, భౌతికశాస్త్రమున బంగారు పతకము అతనికే దక్కెను. యమ్.ఏ. చదువునపుడు ఆచార్యులు అతనిని తరగతుల నిర్బంధము నుండి విడిచిపెట్టిరి. గ్రంథాలయమున, ప్రయోగశాలలో తన యిచ్ఛ వచ్చినట్లు కాలము గడుపుచు కాంతిని గూర్చి వ్రాసిన వ్యాసము 1906లో లండనులోని ఫిలసాఫికల్ మాగజీనులో అచ్చయ్యెను. 1907లో యమ్.ఏ. ఉన్నతశ్రేణిలో ముగిసెను.

ఇట్టివానిని ఇంగ్లండునకు పంపవలెనని గురువులు తలంచిరి. కాని పరీక్షించిన ప్రభుత్వ వైద్యుడు ఈ దేహము ఆ శీతలమునకు తాళదని తేల్చి చెప్పెను. ఆ దారి మూసికొనిపోయెను. నాడు విజ్ఞానమునే నమ్ముకొని బ్రదుకుటకు మన దేశమున చోటు లేదు. అన్నగారు అప్పటికే లెక్కల శాఖలో నుండిరి. రామన్ ఆ శాఖ పరీక్షకు కూర్చుండి, చరిత్ర, అర్థశాస్త్రము మొదలగునవి కొత్తగా చదివి, అందును ప్రథముడయ్యెను. ఆ యేటనే లోకసుందరి అమ్మాళ్‌తో వివాహము జరిగెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలు! బంధువులు సంతోషించియుందురు. మాకు మాత్రము ఇది ఆయన జీవితమున మిక్కిలి ప్రమాదకరమైన ఘట్టముగా తోచును. పరీక్షలు నెగ్గు నేర్పే ఆయనను జీవితాంతము జమాఖర్చుల నడుమ బంధించియుండెడిది.

ఒకనాడు ట్రాము బండిలో పోవుచు బౌబజారు వీధిలో ఒక బోర్డును చూచెను. అది 1876లో డాక్టరు మహేంద్రలాల్ సర్కారు స్థాపించిన విజ్ఞాన సంఘము. పరికరములున్నవి, పనిచేయువారు లేరు. ఆశుతోష్ డే అను ఉద్యోగి తలుపు తీసెను. ఆ ఆశుబాబే పిదప చిరకాలము రామన్‌కు ప్రయోగములలో కుడిచేయిగా నుండెను. నాటి నుండి తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు కచేరి, సాయంకాలము మరల ప్రయోగశాల, రాత్రి పొద్దుపోయి ఇల్లు. నడుమ రంగూనుకు, నాగపూరుకు బదిలీలైనను 1911లో తిరిగి కలకత్తా చేరెను.

విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవి కొరకు ఆశుతోష్ ముఖర్జీ గారు ఆయననే ఎన్నుకొనిరి. విదేశమున శిక్షణ పొందవలెనను నియమమునకు రామన్ ఒప్పకపోగా దానిని సడలించిరి. 1917లో ఇంచుమించు సగము జీతమునకు ఆయన సర్కారు కొలువు విడిచిరి. 1921లో ఓడలో పోవుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి ఆరంభించిన విచారము, కె. యస్. కృష్ణన్ మొదలగు శిష్యుల తోడ్పాటుతో, 1928 ఫిబ్రవరి 28న ఫలించినది. కాంతి ఒక పదార్థమున చెదరినపుడు అందు కొంత రంగు మారునని కనుగొనిరి. అదియే రామన్ ఫలితము. ఆ సంవత్సరముననే కృష్ణా మండలమువారైన సూరి భగవంతము గారు వారి శిష్యులై, అనంతరము ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులైరి.

1933లో రామన్ గారు బెంగుళూరు చేరిరి. 1948లో స్వంత పరిశోధనాలయమును నెలకొల్పిరి. 1954లో భారతరత్న బిరుదమందిరి. ఇంగ్లండు చలికి తాళడని వైద్యుడు నిర్ణయించిన ఆ దేహము ఎనుబదిరెండేండ్లు నిలిచినది. 1970 నవంబరు 21న వారు కన్నుమూసిరి. వారి కోరిక ననుసరించి, వారే పెంచిన ఆ పరిశోధనాలయపు తోటలోనే అంత్యక్రియలు జరిగినవి.