ఏడున్నర షిల్లింగుల క్యూ

గుంటూరులోనో ఒంగోలులోనో పూల్ పార్లర్ మెట్లెక్కినవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. గోడకి ఆనించిన క్యూ కర్రల్లో ఒక్కోటీ తీసి టేబుల్ మీద దొర్లిస్తాం. వంకర ఉన్నది టకటకమని ఎగురుతూ పోతుంది. కాస్త తిన్నగా దొర్లినదాన్ని పట్టుకుని ఆట మొదలుపెడతాం. ఓడిపోతే తప్పు కర్రదే! ఇంతలో పక్క టేబుల్ దగ్గర ఎవరో నల్ల కేసు తెరిచి, సొంత క్యూ రెండు ముక్కలూ తీసి బిగిస్తుంటారు. ఆ క్యూ మన చేతిలో ఉంటేనా... అనిపిస్తుంది కదూ?

నాకూ అనిపించింది. అందుకే ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే ఈఎంఐ మీద కార్బన్ ఫైబర్ షాఫ్ట్ ఉన్న క్యూ కొన్నాను. చిలకలూరిపేట దగ్గర మా ఊరు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు దాని ధర చెబితే, నాన్న మనసులోనే ఆ మొత్తాన్ని మిర్చి టిక్కీల్లోకి మార్చుకుని లెక్కేసుకున్నారు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. మూడు నెలలు గడిచాక చూసుకుంటే నా ఆట ఎక్కడిదక్కడే ఉంది.

అప్పుడు చదివాను, జో డేవిస్ జీవితం గురించి. మీరూ ఒకసారి తెలుసుకోవాలి. ఎందుకంటే ఇది క్యూ కర్ర ఒక్కదానికే సంబంధించిన కథ కాదు. రేపు మీరు ఇంట్లో అడగబోయే ల్యాప్‌టాప్‌కీ, కోచింగ్ ఫీజుకీ కూడా వర్తిస్తుంది.

బొగ్గు గనుల ఊరి నుంచి

జో డేవిస్ 1901 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, విట్‌వెల్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. తర్వాత గని వదిలేసి చెస్టర్‌ఫీల్డ్ దగ్గర పబ్ నడపడం మొదలుపెట్టాడు. అలా మారిన ఒక చోట ఆ కుటుంబానికి బిలియర్డ్స్ టేబుల్ దొరికింది. పెద్దాళ్లు ఆడనప్పుడు జో ఆడుకునేవాడు. పదకొండేళ్లకి మొదలైన ఆ అలవాటు పిచ్చిగా మారింది. ఊళ్లోనే ఉండే ఎర్నెస్ట్ రడ్జ్ అనే కోచ్ దగ్గర శిక్షణకి కుదిరాడు. పదమూడేళ్లకి స్థానిక చాంపియన్ అయ్యాడు. 18 ఏళ్లకి, అంటే 1919లో, ప్రొఫెషనల్‌గా మారిపోయాడు.

కెరీర్ తొలినాళ్లలో అతను ఒక క్యూ కొన్నాడు. ధర 7 షిల్లింగుల 6 పెన్నీలు. అప్పటి లెక్కలో పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. అంటే ఏడున్నర షిల్లింగులు, పౌండులో సగం కూడా లేదు. ఆ రోజుల్లోనూ అది ఖరీదైన సరుకేం కాదు. దాదాపు కెరీర్ అంతా ఆ ఒక్క క్యూతోనే ఆడేశాడు.

ఇంకో సంగతి. అతని కుడి కన్ను చూపు బలహీనం. కుడిచేతి వాటం మనిషి అయ్యుండి కుడి కన్నుతో గురి చూడలేడు. అందుకని వంగినప్పుడు క్యూ తన ఎడమ కన్ను కిందుగా వచ్చేలా తల తిప్పి నిలబడేవాడు. చూసేవాళ్లకి అది వింతగా ఉండేది. పుస్తకాల్లో ఉన్న పద్ధతి అతని కంటికి సరిపోలేదు కాబట్టి కంటికి సరిపోయే పద్ధతి తయారుచేసుకున్నాడు. ఎంత డబ్బు పోసినా ఏ షాపులోనూ దొరకని మార్పు అది.

మన దేశంలో పుట్టిన ఆట

జో పెరిగిన రోజుల్లో బిలియర్డ్స్‌దే రాజ్యం. స్నూకర్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. తమాషా ఏమిటంటే ఆ స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్, బ్లాక్ పూల్ అనే ఆటకి మరికొన్ని రంగు బంతులు కలిపి దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసిపెట్టారు. అప్పట్లో ఊటీ, మన గుంటూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఇంగ్లండ్‌లో మాత్రం 1920ల దాకా స్నూకర్ అంటే బిలియర్డ్స్ మ్యాచ్ అయ్యాక కాలక్షేపానికి ఆడే ఆట. 1924లో టామ్ డెనిస్ అనే ఆటగాడు దీనికి చాంపియన్‌షిప్ పెట్టమని సంఘాన్ని అడిగితే, జనం డబ్బిచ్చి చూస్తారన్న నమ్మకం లేక పక్కన పెట్టేశారు. కానీ బిలియర్డ్స్ హాళ్ల నిర్వహణ చూసిన డేవిస్‌కి అక్కడి కుర్రాళ్లు ఏ ఆట కోసం ఎగబడుతున్నారో కళ్లారా తెలుసు. బర్మింగ్‌హామ్‌లో హాలు నడిపే బిల్ కామ్‌కిన్‌తో కలిసి మళ్లీ అడిగాడు, ఒప్పించాడు. పోటీకి వచ్చింది పది మందే. 1927 మేలో కామ్‌కిన్ హాల్లోనే ఫైనల్ జరిగింది. డేవిస్ 20-11తో గెలిచాడు. ఓడింది ఎవరో కాదు, అంతకుముందు అడిగి భంగపడ్డ టామ్ డెనిసే!

బహుమతి ఆరు పౌండ్ల పది షిల్లింగులు. అంటే 130 షిల్లింగులు. అతని క్యూ ధరతో భాగిస్తే 17 క్యూలు వస్తాయి, మరికొంత మిగులుతుంది. ప్రపంచ చాంపియన్ సంపాదన అంత! అయినా వదల్లేదు. 1927 నుంచి 1940 దాకా ఏటా ఆ టైటిల్ అతనిదే, వరసగా 14 సార్లు. 1940 ఫైనల్లో సొంత తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ మీద 37-36తో గట్టెక్కాడు. యుద్ధం వల్ల ఐదేళ్లు పోటీ ఆగింది. 1946లో మళ్లీ జరిగితే 15వ సారీ గెలిచి, ఇక చాంపియన్‌షిప్ ఆడనన్నాడు. ఆ పోటీలో ఒక్కసారి కూడా ఓడకుండానే తప్పుకున్నాడు. మధ్యలో బిలియర్డ్స్‌లోనూ నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. 1927లో అతను అందుకున్న కప్పునే ఇప్పటికీ స్నూకర్ ప్రపంచ చాంపియన్‌కి ఇస్తున్నారు.

మరి ఖరీదైన క్యూ ఏమిస్తుంది?

ఇక్కడ ఆగి ఇంజినీరింగ్ మాట్లాడుకుందాం. లేకపోతే, చవక క్యూ చాలు, ఖరీదైనవన్నీ మోసం అనే తప్పు పాఠం నేర్చుకుంటాం.

రెండు మూడు వేల రూపాయల పూల్ క్యూ ఒక చేత్తో, యాభై వేల క్యూ ఇంకో చేత్తో పట్టుకోండి. బరువులో పెద్ద తేడా ఉండదు. రెండూ అర కేజీకి కాస్త అటూ ఇటూ. తెల్ల బంతిని సరిగ్గా మధ్యలో కొడితే, రెండింటితోనూ బంతి దాదాపు ఒకేలా పోతుంది. తేడా ముందు చేతికీ చెవికీ తెలుస్తుంది. మంచి క్యూలో రెండు ముక్కల జాయింట్ బిగుతుగా ఉంటుంది, దెబ్బ శబ్దం గట్టిగా, ఒకే ముక్కలా వినిపిస్తుంది. నాసి క్యూలో జాయింట్ దగ్గర సన్నగా గిలక్కాయలాంటి చప్పుడు, అరచేతిలో వణుకు.

అసలు తేడా పక్క దెబ్బ కొట్టినప్పుడు. తెల్ల బంతికి కుడివైపు తగిలిస్తే, అది మనం గురి చూసిన గీత మీద పోకుండా కొద్దిగా ఎడమకి జరిగి పోతుంది. క్యూ మొన దగ్గర బరువు ఎంత ఎక్కువుంటే ఈ జరుగుడు అంత ఎక్కువ. ఖరీదైన షాఫ్టుల్లో మొన దగ్గర బరువు తగ్గిస్తారు. కొన్నిటిలో కర్ర లోపల బోలు చేస్తారు, కొన్నిటిని కార్బన్ ఫైబర్‌తో చేస్తారు. అప్పుడు గురిలో సర్దుబాటు తక్కువ చాలు. ఇంకో లాభం కూడా ఉంది. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి బిగుసుకుంటుంది. మన దగ్గర మే నెల ఎండకి, బాపట్ల వైపు సముద్రపు గాలికి పార్లర్ క్యూలు వంకర పోయేది అందుకే. కార్బన్‌కి ఆ బెడద ఉండదు.

అంటే డబ్బు కొనిపెట్టేది ప్రధానంగా ఒక్కటే, ప్రతిసారీ ఒకేలా పలికే గుణం. అది మాత్రం నిజంగా విలువైనదే. అయితే అదే గుణం ఇంకో దారిలోనూ వస్తుంది. తిన్నగా ఉన్న, మొన బాగున్న ఒక మామూలు క్యూని తీసుకుని, అది ఎంత జరుపుతుందో చేతికి అలవాటయ్యేదాకా దాన్నే వాడటం. డేవిస్ చేసింది అదే. ఏడున్నర షిల్లింగుల క్యూలో ఏ లోపాలున్నా, అన్నేళ్లలో అవన్నీ అతని చేతికి కంఠస్థం అయిపోయి ఉంటాయి. నేను చేసింది దీనికి తలకిందులు. మంచి క్యూ కొని వారానికొక గంట ఆడాను. ఆ క్యూ ఒకేలాగే పలికింది, నా మోచెయ్యే రోజుకో రకంగా ఊగింది.

చవక వేరు, నాసి వేరు

మన రైతులకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. తక్కువ ధరకి వచ్చిందని విత్తనాల ప్యాకెట్‌ని ఎవరూ అనుమానించరు, నకిలీది అంటే మాత్రం వణికిపోతారు. మొలక రాని విత్తనంతో ఏడాది కష్టం, అప్పు, కౌలు అన్నీ పోతాయి. అలాగే వంకర క్యూతో నేర్చుకుంటే ఆ వంకరకి తగ్గట్టే చెయ్యి అలవాటు పడుతుంది. తర్వాత సరిచేసుకోవడం కష్టం. డేవిస్ క్యూ చవకదే గానీ, వంకరదై ఉంటే 15 టైటిళ్లు వచ్చేవి కావు.

కాబట్టి మీ ముందున్న ప్రశ్న ఖరీదైనదా, చవకదా అని కాదు. ఈ పనిముట్టు నా అభ్యాసాన్ని అడ్డుకుంటోందా, లేదా? అడ్డుకుంటుంటే అప్పు చేసైనా మార్చాలి. కోడింగ్ నేర్చుకునే ల్యాప్‌టాప్ పది నిమిషాలకోసారి ఆగిపోతుంటే అది నాసి. అది మార్చమని ఇంట్లో అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. పని చేస్తూనే ఉండి, పక్కవాడి దగ్గర ఇంకా మెరిసేది ఉందని మనసు లాగుతుంటే మాత్రం, ఆ డబ్బు కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి వస్తుందని గుర్తుంచుకోవాలి.

క్యూ మీద అతని పేరు

డేవిస్ కథలో ఒక చిన్న వ్యంగ్యం ఉంది. పేరొచ్చాక అతని పేరుతో క్యూలు అచ్చేసి అమ్మారు. కుర్రాళ్లు చాంపియన్ పేరున్న క్యూ అని కొనుక్కున్నారు. చాంపియన్ మాత్రం తన పాత క్యూతోనే ఆడుతున్నాడు! అది తప్పని నేననను, ఆటగాళ్లూ బతకాలి కదా. కాకపోతే ఇప్పుడు ఏదైనా వస్తువు మీద పెద్ద పేరు కనిపిస్తే, ఆ పేరు గల మనిషి ఏ వస్తువుతో ఎదిగాడో అడిగి చూడటం నాకు అలవాటైంది.

అయితే తను నేర్చుకున్నది అతను దాచుకోలేదు. ఎలా నిలబడాలి, ఎలా గురి చూడాలి, ఒక బంతి వేశాక తెల్ల బంతి ఎక్కడ ఆగాలి అన్నవన్నీ పుస్తకాలుగా రాశాడు. వరసగా బంతులు వేసుకుంటూ పోవడాన్ని ఒక పద్ధతిగా మార్చినవాళ్లలో అతనిదే మొదటి పేరు. 1955 జనవరి 22న లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ హాల్లో విల్లీ స్మిత్ మీద ఆడుతూ ఒకే విడతలో 147 పాయింట్లు చేశాడు. స్నూకర్‌లో సాధారణంగా అంతకు మించి రావు. అధికారికంగా నమోదైన తొలి 147 అదే. అది కూడా వెంటనే దక్కలేదు. ఆ మ్యాచ్ ఆడిన నియమాల్లో ఒకటి తమ పుస్తకంలో లేదని సంఘం ఒప్పుకోలేదు. 1957లో గానీ గుర్తించలేదు.

1963లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ ఇచ్చింది. మరుసటేడు ఆట మానేశాడు. 1978లో షెఫీల్డ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్ చూడ్డానికి వెళ్లాడు. ఆడుతున్నది 64 ఏళ్ల తమ్ముడు ఫ్రెడ్. ప్రతి బంతికీ తానే ఆడుతున్నట్టు కుర్చీలో అటూ ఇటూ కదిలిపోయాడు. ఫ్రెడ్ 16-18తో ఓడిపోయాడు. ఆ తర్వాత రోజుల వ్యవధిలోనే జో కుప్పకూలాడు. ఆపరేషన్ జరిగింది, కోలుకుంటున్నాడనుకున్నారు. జులై 10న కన్నుమూశాడు.

క్యూ కొనాలనుకుంటే

• టేబుల్ మీద దొర్లించి, తర్వాత కంటికి ఆనించి మొన దాకా చూడండి. వంకరుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.
• జాయింట్ బిగించి తేలిగ్గా తట్టండి. గిలక చప్పుడొస్తే పక్కన పెట్టేయండి.
• ముందు ఖర్చు పెట్టాల్సింది మొన మీద. పూల్ క్యూకి సాధారణంగా 12-13 మిల్లీమీటర్లుంటుంది. మామూలు క్యూకి మంచి తోలు మొన వేయిస్తే ఆట తేడా వెంటనే తెలుస్తుంది.
• ఎండలో, కారులో వదలొద్దు. గోడకి ఏటవాలుగా ఆనించొద్దు.
• ఒక్క క్యూతోనే కనీసం ఏడాది ఆడండి. అప్పటికీ తప్పు కర్రదే అనిపిస్తే అప్పుడు మార్చండి.

నా ఈఎంఐ అయిపోయి చాన్నాళ్లయింది. క్యూ ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం గంటసేపు తెల్ల బంతి ఒక్కదాన్నే పెట్టుకుని, తిన్నగా కొట్టి అది తిన్నగా తిరిగొస్తుందో లేదో చూస్తున్నాను. చాలాసార్లు రావట్లేదు. తప్పు కర్రది కాదని మాత్రం తెలిసిపోయింది.