వజ్రానికి కాటుక దిద్దిన కంసాలి

ఎమరాల్డ్ కట్ వజ్రపుటుంగరం ఎప్పుడైనా చూశారా? పేరులో ఎమరాల్డ్ ఉన్నా అది పచ్చ కాదు, అచ్చంగా వజ్రమే. పచ్చరాళ్ళను కోసే పద్ధతిలో పైన అద్దంలా వెడల్పుగా ఉంచి, పక్కలు మెట్లు మెట్లుగా కోస్తారు. గుండ్రటి రవ్వలా అది మిలమిలలాడదు. మెట్ల కోనేరులోకి తొంగి చూసినట్టు నిండుగా, నిలకడగా ఉంటుంది. అందమూ అదే, చిక్కూ అదే. లోతు చాలకుండా కోశారంటే పడిన వెలుగు పైకి తిరిగి రాక కిందికి జారిపోతుంది. అప్పుడు రాయి నడుమ కిటికీ తెరిచినట్టు అడుగునున్న బంగారం, ఒక్కోసారి వేలి చర్మం కూడా కనబడతాయి. అంత డబ్బు పోసి కొన్నవాళ్ళకి ప్రాణం ఉసూరుమనదూ మరి!

ఈ బాధ ఈనాటిది కాదు. అయిదు వందల ఏళ్ళ క్రితమే దీనితో కుస్తీ పట్టి గెలిచిన మొండిఘటం ఒకాయన ఉన్నాడు. ఆయనే ఇటలీ కంసాలి, శిల్పి బెన్వెనూతో చెల్లీనీ.

1500 నవంబరు 3న ఫ్లోరెన్స్ నగరంలో పుట్టాడు. ఆడపిల్ల పుడుతుందనుకున్న ఇంట్లో మగపిల్లాడు పుట్టేసరికి, తండ్రి సుస్వాగతం అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడట. తండ్రి సంగీతకారుడు. కొడుకు పిల్లనగ్రోవి వాయించి పేరు తేవాలని ఆయన ఆశ. కొడుకేమో 15వ ఏట తండ్రి మాట కాదని కంసాలి కొలిమి దగ్గర చేరిపోయాడు.

పనితనం ఎంతో కోపమూ అంతే. కుర్రతనంలోనే కొట్లాటలో ఇరుక్కుని ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. తరువాత రోము చేరాడు. 1527లో శత్రుసైన్యం రోమును కొల్లగొట్టినప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ కోటలో తలదాచుకున్నాడు. ఆయన కిరీటాల్లోని రాళ్ళన్నీ ఊడదీసి, బంగారం కరిగించే పని బెన్వెనూతోకే అప్పజెప్పారు. రాళ్ళను బట్టల మడతల్లో పెట్టి కుట్టేశారు. ఆపద వేళ నగలు చీరకొంగున మూటగట్టడం మనకి కొత్తేమీ కాదుగా!

ఆ పోపు కోసమే తరువాత ఆయన ఒక పెద్ద గుండీ చేశాడు. మిగతా కంసాలులు పెద్ద వజ్రాన్ని దేవుడి గుండెల మీద పొదుగుదామంటే, బెన్వెనూతో ఆ వజ్రాన్నే దేవుడికి ఆసనం చేశాడు. ఆ గుండీని 1797లో నెపోలియన్‌కి కట్టాల్సిన సొమ్ము కోసం కరిగించేశారు. దాని బొమ్మలు మాత్రమే మిగిలాయి.

ఇక అసలు కథ. 1536లో అయిదవ చార్లెస్ చక్రవర్తి రోముకు వచ్చి, అప్పటి పోపు మూడవ పాల్‌కి ఒక వజ్రం కానుకగా ఇచ్చాడు. ఆ రోజుల్లో యూరప్‌కి వెళ్ళే వజ్రాలు దాదాపు అన్నీ మన దేశానివే. బ్రెజిల్ వజ్రాలు బయటపడింది 1720లలో. మన కృష్ణా, పెన్నా తీరాల రాళ్ళే ఎన్ని ఆ దేశాల రాజుల వేళ్ళకెక్కాయో! అప్పటికి వజ్రాన్ని ఇప్పట్లా అన్ని ముఖాలుగా కోయడం రాదు. పైన బల్లపరుపుగా సాన పట్టేవారు. అందుచేత చూపు సూటిగా అడుగుకి పోయేది. అడుగున మూసిన బంగారపు గూడు. రాయి కంటే గూడే ముందు కనబడేది.

దీనికి మందు మసి! శుభ్రమైన ప్రమిదలో వత్తి వెలిగించి, పైన రాగి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని గీకి, మస్తకి అనే చెట్టు బంకతో కలిపేవారు. మన అమ్మమ్మలు ఆముదం దీపంతో కాటుక పట్టిన పద్ధతే, చూడండి. వజ్రాన్ని కాస్త వేడి చేసి దాని కిందివైపు ఈ కాటుక అద్దితే బంగారం మరుగున పడి, రాయిలోని వెలుగు తేటగా పైకి కనిపించేది. పోపు వజ్రానికి అంతకు ముందే వెనిస్ నగరంలోని పేరుమోసిన కంసాలి ఒకడు అలా రంగు వేశాడు. దాన్ని మించడం ఎవరి తరమని తోటి కంసాలులు పెదవి విరిచారు. బెన్వెనూతో పాత రంగు తీసి, తన రంగు అద్ది చూపేసరికి అదే పెదవులతో మెచ్చుకున్నారు.

ఆ మెప్పు ఎన్నాళ్ళో నిలవలేదు. 1538లో, కోటలో పోపు రాళ్ళు ఊడదీసిననాడు కొన్ని కాజేశాడని నేరం మోపి, అదే కోటలో ఖైదు చేశారు. దుప్పట్లు చింపి తాడు పేని దిగబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. విడుదలయ్యాక ఫ్రాన్సు రాజు దగ్గర కొన్నాళ్ళుండి, 1545లో ఫ్లోరెన్స్ చేరాడు. అక్కడ ప్రభువు భార్య ఎలెయొనోరా ముచ్చటపడిన ముత్యాలహారాన్ని పొగడమని ఆమే స్వయంగా అడిగింది. ప్రభువు నిజం చెప్పమని నిలదీస్తే, అడిగినంత వెల చెయ్యదని చెప్పేశాడు. దొరసానికి కోపం వచ్చింది, హారమూ వచ్చింది. ఈయనకి మాత్రం ఆమె ఆదరణ పోయింది.

అలాగని మహానుభావుడనుకునేరు. మనుషుల్ని చంపినవాడు. పారిస్‌లో తన బొమ్మలకి నమూనాగా నిలబడిన పిల్లను కొట్టిన సంగతి తన జీవితకథలో తనే రాసుకున్నాడు, వీసమెత్తు సిగ్గు లేకుండా. రాయి లోపం దాచడానికి అంత శ్రమపడ్డవాడికి తన లోపం దాచాలనే తోచలేదు. నగల పనిలోని కిటుకులన్నీ 1568లో పుస్తకంగా అచ్చువేసి, 1571 ఫిబ్రవరి 13న కన్నుమూశాడు.

ఇప్పటి ఉంగరాలకి అడుగు తెరిచే ఉంటుంది, కాటుక పని లేదు. కనక ఎమరాల్డ్ కట్ కొనేటప్పుడు రాయిని బిగించకముందే తిన్నగా పైనుంచి చూడండి. కింద పెట్టిన వేలు నడిమధ్య స్పష్టంగా కనబడితే లోతు తక్కువన్నమాట. తెల్లటి రాయి కింద పచ్చటి బంగారం ఉంటే ఆ పసుపు ఛాయ రాయిలోకి వస్తుందని మరవకండి. చేతి నూనె, సబ్బు జిడ్డు వెనక చేరినా కళ తప్పుతుంది. గోరువెచ్చటి సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్‌తో వెనకవైపు తోమితే చాలు. అయితే అమ్మమ్మగారి మూసిన కట్టడం నగల్ని మాత్రం నీళ్ళలో ముంచకండి. వాటి అడుగున మెరుపు రేకు ఉంటుంది. తడి తగిలిందా, నల్లబడి రాయి గుడ్డిదైపోతుంది.