వీరేశలింగముగారును సంస్కరణకైన వ్యయమును

శాసనము హక్కు నొసంగగలదు గాని, ఆ హక్కు నభాగ్యురాలి చేతికి జేర్చుటకు ధనము కావలయును. ఈ సత్యమును చక్కగా గ్రహించి తన గృహముననే యాచరణమున బెట్టిన మహనీయుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన వాదపటిమను గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. ఆ వాదమును నిలిపిన సొమ్మును గూర్చి మేము నేడు కొంత ముచ్చటింపదలచినాము.

ఆయన 1848 ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. ఉపాధ్యాయ వృత్తియే జీవనాధారము. అట్టివాడు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పెను.

వితంతువు పునర్వివాహము చేసికొనవచ్చుననియు, ఆమె సంతానము ధర్మ్యమే యనియు 1856లోనే శాసనము వెలువడినది. కాని మరల పెండ్లాడిన స్త్రీ పూర్వభర్త యాస్తిపై తనకుగల హక్కును గోల్పోవలయునని యా శాసనమే విధించినది! ఇటు బంధువులు వెలివేయుదురు. అటు ఆస్తి పోవును. ఆమెకు నిలువ నీడయెక్కడిది? పసితనమున వైధవ్యమొందిన బాలిక తల్లియగుట కూడదని లోకము నిర్ణయించెను. ఆమె యెవని వంచనచేతనైన గర్భవతియైనచో అపకీర్తి యామెదే. వంచకుడు పెద్దమనిషిగనే చలామణియగును.

శాసనము పుట్టిన యిరువదియైదేండ్లకు, 1881 డిసెంబరు 11న, పంతులుగారి గృహమున మొదటి వితంతు వివాహము జరిగినది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఈ యుద్యమమునకు వేలకొలది రూపాయల నొసంగిరి. ఆ సొమ్ము విందులకు మాత్రమే గాదు. వధువును దూరదేశమునుండి రప్పింపవలయును, పురోహితుని గుదుర్పవలయును, వెలిబడిన దంపతులకు ఇల్లును గ్రాసమును జూపవలయును. వంటవారును నీళ్లు మోయువారును రామని మానుకొనగా, పంతులుగారి యర్ధాంగి రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు దెచ్చి వండిపెట్టిరి. ఆ బిందెల మోతకు వెలగట్టిన వారెవ్వరును లేరు.

సొమ్ము జూపి వరులను గొనుచున్నారని ప్రతిపక్షులు నిందించిరి. ధనాశతో వచ్చినవారు కొందఱు లేకపోలేదు. వారివలన పంతులుగారు నొచ్చుకొనినమాటయు నిజమే. కాని మేమొకటి యడుగుదుము. ముదుసలికి పసిబిడ్డను గట్టి కన్యాశుల్కము గొన్నప్పుడు సొమ్ము చేతులు మాఱలేదా? వితంతువులను బుట్టించిన ధనము పవిత్రమును, వారి నుద్ధరించిన ధనము కళంకమును ఎట్లగును?

ఒక దాత యౌదార్యముపై నిలిచిన కార్యము ఆ దాతతోడనే ముగియవచ్చును. ఇది యెఱిగియే కాబోలు, చెన్నపట్టణమునను రాజమహేంద్రవరమునను వితంతు శరణాలయములను నడపిన పంతులుగారు, 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి ధారవోసిరి. సంతానములేని యా దంపతులకు అనాథలగు స్త్రీలే బిడ్డలైరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారును, 1919 మే 27న చెన్నపట్టణమున పంతులుగారును స్వర్గస్థులైరి.

అటుపిమ్మట శాసనములు పెరిగినవి. 1956లో వితంతువునకు భర్త యాస్తిలోని తన భాగముపై సంపూర్ణ స్వామ్యము లభించినది. 1971లో గర్భవిచ్ఛిత్తికి కొన్ని నియమములతో ననుమతి వచ్చినది. 2006లో బాల్యవివాహ నిషేధము మరింత కఠినమైనది. ఐనను పల్లెలోని పడుచునకు ఈ హక్కులను దెలిపి, వైద్యుని కడకును న్యాయస్థానమునకును వెంటబోవు మనిషి కావలయును. ఆ మనిషికి బండి కూలియు బత్తెమును గావలయును. ఇవి శాసనగ్రంథములయందు దొరకవు.

దేవాలయమునకు గోపురము గట్టించు భూస్వాములు మనకు గలరు. పెండ్లిపందిరికి వేలు వెచ్చించు వర్తకులును గలరు. వారు ఆ వ్యయములో నొక పాలు తమ యూరి స్త్రీల హక్కులకై పాటుపడు సమాజమునకు, ఏటేట తప్పక, లెక్క చూచి మఱి యిత్తురుగాక. పంతులుగారి విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. ఆయన మూటవిప్పిన చోట మనమును విప్పుటయే ఆయనకు దగిన పూజ.