ఆవిరి వేగాన్ని అదుపు చేసిన సర్ చార్లెస్ పార్సన్స్

ఓడను నడిపే యంత్రం, ఓడలో దీపాలు వెలిగించే విద్యుత్తు, వాడిన ఆవిరిని చల్లబరచే నీరు: ఈ మూడింటినీ ఒకే మనిషి జీవితంలో చూడదలచిన విద్యార్థులకు సర్ చార్లెస్ పార్సన్స్ చరిత్ర చదువదగినది. ఆవిరి బలాన్ని ఆయనకు ముందే లోకం ఎరుగును. ఆ బలాన్ని మితిమీరిన వేగంలో సైతం అదుపులో ఉంచుట ఎట్లో చూపినవాడు పార్సన్స్.

ఆయన 1854 జూన్ 13న లండన్‌లో జన్మించాడు. తండ్రి మూడవ రాస్ ప్రభువు. ఐర్లండులోని బర్ కోటలో 72 అంగుళాల దర్పణం గల దూరదర్శినిని నిర్మించిన ఖగోళ శాస్త్రజ్ఞుడాయనే. చిన్న కుమారుడైన చార్లెస్ బడికి పోలేదు. ఇంటి గురువుల వద్దనే చదువు, తండ్రి కార్ఖానాలోనే ఆట. డబ్లిన్‌లోను, పిదప కేంబ్రిడ్జిలోను గణితం అభ్యసించి 1877లో పట్టం పొందాడు. ప్రభువుల బిడ్డ అంతటితో సుఖంగా కూర్చుండవచ్చును. కాని ఆయన న్యూకాసిల్ నగరంలోని ఆర్మ్‌స్ట్రాంగ్ కర్మాగారంలో పని నేర్చుకొనుటకై చేరాడు. మా దృష్టిలో ఆయన గొప్పతనం ఇక్కడనే ఆరంభమైనది.

1884లో గేట్స్‌హెడ్‌లోని క్లార్క్ చాప్‌మన్ సంస్థలో భాగస్వామిగా చేరి విద్యుత్ విభాగాన్ని చేపట్టాడు. ఓడలకు విద్యుద్దీపాలు అమర్చుట ఆ విభాగపు పని. ముందుకు వెనుకకు కదిలే పిస్టన్ యంత్రం నెమ్మదిగా తిరుగును. డైనమోకు వేగం కావలెను. అందుకై పార్సన్స్ ఆవిరి ఒత్తిడిని ఒక్కసారిగా విడువక, వరుసలు వరుసలుగా అమర్చిన రెక్కల గుండా కొంచెం కొంచెంగా తగ్గించే టర్బైన్‌ను నిర్మించాడు. అది నిమిషానికి 18,000 మారులు తిరిగి 7.5 కిలోవాట్ల విద్యుత్తు నిచ్చింది.

అంత వేగంతో తిరిగేదానికి పగ్గం వేయుట ఎట్లు? ఇరుసుకు ఒక చిన్న ఫంకా అమర్చి, అది పీల్చే గాలితో ఒక తోలుపొర కదిలేటట్లు చేశాడు. ఆ పొర ఆవిరి కవాటాన్ని కదుపును. డైనమో అయస్కాంత బలంలో మార్పు వస్తే ఒక మెత్తని ఇనుపముక్క కదిలి గాలి దారిని మార్చును. అనగా విద్యుత్తు తన హెచ్చుతగ్గులను తానే ఆవిరికి తెలియజేసి సరిచేయించుకొనును. నేటి స్వయంచాలక నియంత్రణలోని మూలసూత్రం ఆ తోలుముక్కలో ఉన్నది.

1889లో భాగస్వాములతో పొత్తు తెగింది. తన పేటెంట్లు వారి వద్దనే ఉండిపోయినవి. స్వంత ఆవిష్కరణనే వాడుకొనే హక్కు లేనివాడై, హీటన్‌లో సొంత కర్మాగారం పెట్టి, ఆవిరి కేంద్రం నుండి అంచులకు ప్రవహించే వేరొక రకపు టర్బైన్‌తో కాలం గడిపాడు. 1894లో గాని ఆ పేటెంట్లు తిరిగి దక్కలేదు. ఆశ్చర్యమేమనగా, ఈ కష్టకాలంలోనే, 1891లో, కేంబ్రిడ్జి విద్యుత్ సంస్థ కొరకు తన టర్బైన్‌కు కండెన్సర్‌ను జోడించాడు. వాడిన ఆవిరిని చల్లని నీటితో ద్రవంగా మార్చినచో అచట శూన్యం ఏర్పడును. ఆవిరి మరింత వ్యాకోచించి మరింత పని చేయును. టర్బైన్ ఆవిరిని మింగివేయునన్న అపవాదు దీనితో తొలగింది. మన హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో వెలసి, ఇప్పుడు కానరాని థర్మల్ విద్యుత్కేంద్రం చెరువు దాపున ఎందుకు నిలిచినదో దీనివలన గ్రహించవచ్చును.

ఇక ఓడలు. 1894లో సుమారు 100 అడుగుల పొడవు, 44 టన్నుల బరువు గల టర్బీనియా అనే నౌకను నీట దింపాడు. ఫలితం నిరాశాజనకం. ప్రొపెల్లర్లు ఎన్ని మార్చినా వేగం 20 నాట్లకు చేరలేదు. యంత్రంలో లోపం లేదు; ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరుగుటచే రెక్కల చెంత నీరే బుడగలై పట్టు జారుచున్నది. ఒక చిన్న తొట్టిలో వేడినీరు నింపి, అందులో నమూనా ప్రొపెల్లర్‌ను తిప్పి, తటిల్లతవలె మెరిసి ఆరే వెలుతురులో ఆ బుడగలను కన్నులారా చూశాడు. పిమ్మట ఒక్క టర్బైన్‌కు బదులు మూడు టర్బైన్లు, మూడు ఇరుసులు, తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చాడు. టర్బైన్ వెనుకకు తిరుగదు గనుక, ఓడను వెనుకకు నడుపుటకు నడిమి ఇరుసుపై వేరొక టర్బైన్ ఉంచాడు.

1897 జూన్ 26న స్పిట్‌హెడ్ వద్ద విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో, బారులు తీరిన యుద్ధనౌకల నడుమ టర్బీనియా 34 నాట్ల వేగంతో, అనగా గంటకు సుమారు 63 కిలోమీటర్ల వేగంతో, దూసుకుపోయింది. దానిని అడ్డగింపవచ్చిన నావలు వెనుకబడ్డవి.

ఐతే విజయం వెంటనే విషాదమూ వచ్చింది. టర్బైన్ అమర్చిన వైపర్, కోబ్రా యుద్ధనౌకలు రెండూ 1901లో నాశనమైనవి. వైపర్ పొగమంచులో రాళ్ళకెక్కింది. కోబ్రా ఉత్తర సముద్రంలో రెండుగా విరిగి 67 మందిని పొట్టన పెట్టుకొన్నది; వారిలో పార్సన్స్ సంస్థ పనివారు అనేకులు. విచారణలో టర్బైన్ దోషం ఏదీ తేలకున్నను, కొత్త యంత్రంపై అనుమానం ప్రబలుట సహజం. అదే యేట క్లైడ్ నదిపై ప్రయాణికులతో నడచిన కింగ్ ఎడ్వర్డ్ అనే టర్బైన్ ఓడ ఆ అనుమానాన్ని కొంత తీర్చింది. 1906లో డ్రెడ్‌నాట్ యుద్ధనౌకతోను, మరుసటి యేట మౌరెటేనియాతోను మిగిలినదీ తీరింది.

టర్బైన్‌కు వేగం మేలు, ప్రొపెల్లర్‌కు నెమ్మది మేలు. ఈ వైరాన్ని తీర్చుటకు వెస్పేషియన్ అనే పాత సరకుల ఓడను కొన్నాడు. దాని పాత యంత్రం ఎంత బొగ్గు తినునో ముందుగా కొలిచి, పిదప పళ్ళచక్రాలతో కూడిన టర్బైన్‌ను అమర్చి మరల కొలిచాడు. ఊహలతో గాక లెక్కలతో లోకాన్ని ఒప్పించుట ఆయన పద్ధతి.

1918లో ఏకైక కుమారుడు యుద్ధంలో మరణించాడు. భార్య కేథరిన్, కుమార్తె రేచల్ 1919లో మహిళా ఇంజనీర్ల సంఘ స్థాపనలో ముందు నిలిచారు. రేచల్ దాని తొలి అధ్యక్షురాలు. 1931 ఫిబ్రవరి 11న, జమైకా దీవిలోని కింగ్‌స్టన్ రేవు వద్ద, డచెస్ ఆఫ్ రిచ్‌మండ్ ఓడపై విహారయాత్రలో ఉండగా పార్సన్స్ కన్నుమూశాడు. ఆ ఓడను నడిపినవీ పళ్ళచక్రాల టర్బైన్లే. టర్బీనియా నేడు న్యూకాసిల్ మ్యూజియంలో ఉన్నది.