జాన్ మ్యూరు - రెయినియరు పర్వతము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వాషింగ్టను రాష్ట్రమందు రెయినియరు అను అగ్నిపర్వతము కలదు. దాని యెత్తు 14,410 అడుగులు. లోపల వేడి యింకను చల్లారలేదు. వెలుపల మాత్రము సుమారు 25 హిమానీనదములు దాని ప్రక్కలనుండి దిగుచున్నవి. ఈ పర్వతమును, దానిచుట్టునున్న యరణ్యములను చెడకుండ నిలుపుటకు పాటుపడినవారిలో జాన్ మ్యూరు ముఖ్యుడు.

ఈయన 1838వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీని స్కాట్లండులోని డన్‌బారు పట్టణమున జన్మించెను. 1849లో తండ్రి అమెరికాకు వలసపోయి విస్కాన్సినులో సేద్యము సాగించెను. బాలుడు పగలెల్ల పొలమున కష్టించి, వేకువకు మిక్కిలి ముందుగనే లేచి చదువుకొనుచు, కొయ్యతో గడియారములు చేయుచుండెను. ఒకప్పుడు ఇసుకరాతిలో ఉలితో నూయి త్రవ్వుచుండగా, అడుగున చేరిన విషవాయువు సోకి చావు తప్పి బయటపడెను. ఆ నూతిలో 90 అడుగుల లోతున గాని జలము పడలేదు.

1867లో ఒక కర్మాగారమున పనిచేయుచుండగా ఆకురాయి మొన యాయన కుడికంట గ్రుచ్చుకొనెను. కొలదికాలములోనే రెండవ కన్నును మసకబారెను. చీకటిగదిలో వారములకొలది పరుండి యుండవలసివచ్చెను. దైవవశమున చూపు మరలివచ్చెను. ఇక యంత్రములను విడిచి, ప్రకృతిని చూచుటకే యా చూపును వినియోగింప నిశ్చయించుకొని, ఆ యేటనే సుమారు వేయిమైళ్లు కాలినడకను పోయి మెక్సికో సింధుశాఖను చేరెను. మరుసటియేట కాలిఫోర్నియాకు వెళ్లెను. అచ్చటి యోసెమిటీ లోయను మలచుటలో పూర్వకాలపు హిమానీనదములకు గొప్ప పాలు కలదని యాయన చెప్పగా పండితులు కొందరు పరిహసించిరి. తరువాతి పరిశోధనలు ఆయన పక్షమునే బలపరచినవి.

1880లో వివాహమైన పిమ్మట పండ్లతోటల పనిలో మునిగి, ధనము గడించెను గాని ఆరోగ్యమును పోగొట్టుకొనెను. తోటలో కొంత అమ్మివేసియైనను కొండలకు మరలుట మేలని భార్యయే హితవు చెప్పెను. 1888లో ఏబదియేండ్ల వయస్సున ఆయన రెయినియరు చెంతకు వచ్చెను. శిఖర మెక్కవలెనను తలంపు మొదట లేదు. పర్వతమును చూచిన పిమ్మట ఊరకుండలేకపోయెను. సుమారు 10,000 అడుగుల యెత్తున ఒక గట్టుపై తేలికయైన గుల్లరాతి పొడి నిలిచియుండుట గమనించి, ఇచ్చట గాలి ఉధృతి తక్కువయని యూహించి, రాత్రి బస కా చోటును సూచించెను. అనుచరులతో గూడ ఆగస్టు 14వ తేదీని శిఖరము చేరెను. ఆ బస నేటికిని మ్యూరు పేరనే పిలువబడుచున్నది. శిఖరమునుండి కనబడు దృశ్యము గొప్పదే యైనను, క్రింది పూలమైదానములనుండి కొండను చూచుటయే మనోహరమని యాయన తలంచెను.

1892లో సియెర్రా క్లబ్బు స్థాపింపబడగా తుదివరకు దాని కధ్యక్షుడుగా నుండెను. ఆయన రచనలును, పలువురి విన్నపములును ఫలించి, 1899వ సంవత్సరము మార్చి 2వ తేదీని రెయినియరు జాతీయోద్యానవన మయ్యెను. 1913లో హెచ్‌హెచ్చీ లోయను నీటి ఆనకట్టకై విడుచు చట్టమును ఆపజాలక యాయన మిక్కిలి దుఃఖించెను. 1914వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీని దివంగతుడయ్యెను.

విద్యార్థులారా! పోయిన చూపు తిరిగివచ్చినప్పుడు దానిని దేనికి వినియోగింపవలెనో ఈయన యెరిగెను. ఎన్నడును చూపు పోగొట్టుకొనని మనము దానిని దేనికి వినియోగించుచున్నామో యోచింపవలసియున్నది.